గోప్యం: మూడో కుర్చీ, ఎడమ చెవి

రహస్యాన్ని కడుపులో దాచుకునే పాత పద్ధతి రద్దయిందని ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమైనది. ఆ పద్ధతిలో లోపాలు అనేకం. కడుపుకు పాస్‌వర్డ్ లేదు. బ్యాకప్ అసలే లేదు. మనిషి పోతే రహస్యమూ వెంట పోతుంది (దీన్ని సౌకర్యంగా భావించినవారూ ఉన్నారు). పెదవి దాటితే పృథివి దాటుతుందని పెద్దలు హెచ్చరించారే తప్ప, పెదవికి రెండంచెల ధ్రువీకరణ పెట్టాలన్న ఆలోచన వాళ్లకు తట్టలేదు. ఇప్పుడు ఆ బాధ తీరింది. రహస్యం ఉన్న ప్రతి ఒక్కరూ తగిన ఆన్‌లైన్ యాప్ ఒకటి ఎంచుకుని, అందులో రాసుకుని, తాళం వేసుకుని, నిశ్చింతగా ఉండవచ్చు. ఎంచుకోవడం ఒక్కటే కాస్త పని.

ఆ కాస్త పని లైనక్క మీద పడింది.

లైనక్కది నీటి సరఫరా ఫిర్యాదుల కేంద్రంలో మూడో కుర్చీలో కూర్చుని ఫోన్లు ఎత్తే ఉద్యోగం. కుళాయి రాకపోయినా, వచ్చి ఆగకపోయినా జనం ఆవిడకే ఫోన్ చేస్తారు. ఆవిడ "లైన్లో ఉండండి" అంటుంది. నగరంలో సగంమంది తమ జీవితంలో కొంత భాగం ఆవిడ లైన్లోనే గడిపారు. అలా వచ్చిన పేరే అది. అసలు పేరు జీతాల విభాగానికి మాత్రమే గుర్తుంది.

ఈమధ్య ఆవిడ ఎడమ చెవిలో ఈల మొదలైంది. పక్క ఫ్లాట్లో కుక్కరేమో అనుకుంది. ఆఫీసులో కూడా అదే కుక్కర్ వినపడేసరికి అనుమానం వచ్చింది. తరవాత తరవాత మాటలు జారిపోవడం మొదలైంది. అవతలివాళ్లు పెద్ద కథ చెబితే చివర్లో "రావట్లేదు" అన్న ముక్క ఒక్కటే చెవిన పడేది (ఆ ఉద్యోగానికి అది చాలు కాబట్టి కొన్నాళ్లు ఎవరూ కనిపెట్టలేదు).

చెవి డాక్టరు పరీక్ష చేసి, "వచ్చే నెల మొదటివారంలో మళ్లీ రండి. అప్పటిదాకా రోజూ రాయండి. ఏం వినపడలేదు, ఎక్కడ వినపడలేదు, ఎందుకు వినపడలేదని మీకు అనిపించింది. ఈ మూడూ తేదీలతో ఉంటే ఇది ఎందుకొచ్చిందో తేలుతుంది. తేలితే మందు ఉంది. ఆలస్యమైతే ఉన్న వినికిడి కూడా నిలవదు," అన్నారు.

ఆఫీసులో తెలిస్తే ఫోను దగ్గర్నుంచి లేపేస్తారు. అది చిన్న భయం. పెద్ద భయం ఇంట్లో, కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ఉంటుంది.

అది అత్తగారి కుర్చీ. ఆవిడకు చెవుడు వచ్చి చాలాకాలమైంది. కొత్తలో అందరూ గట్టిగా చెప్పేవారు. కొన్నాళ్లకు రెండుసార్లు చెప్పేవారు. ఆ తరవాత "ఏం లేదులే" అనడం అలవాటు చేసుకున్నారు. ఇప్పుడు ఆ ఇంట్లో ఆవిడకు అందే వార్తలన్నీ ఆ రెండు మాటలే. కొడుకు ఉద్యోగం మానేసి డ్రైవింగ్ స్కూలు పెట్టుకున్న సంగతి గుమ్మం ముందు కారు మీద బోర్డు చూసి ఆవిడే తెలుసుకుంది. అందరూ నవ్వితే ఆవిడా నవ్వుతుంది. "ఏం లేదులెండి" అనడంలో లైనక్క వాటా తక్కువేమీ కాదు. పొద్దంతా ఫోన్లో అరిచి వచ్చిన మనిషి ఇంటికొచ్చి మళ్లీ గొంతు చించుకోవాలంటే విసుగే మరి. ఆ విసుగంతా ఇప్పుడు తనకోసం వరసలో నిలబడి ఉందని లైనక్కకు తెలిసిపోయింది.

కాగితం మీద రాసుకోవచ్చు కదా అనేవారు ఆవిడ భర్తను చూసి ఉండరు. దారిలో కనపడిన బోర్డులన్నీ డ్రైవింగ్ నేర్చుకునే శిష్యులకు చదివి వినిపించీ వినిపించీ, అక్షరం కంటపడితే పైకి చదవకుండా ఉండలేని స్థితికి వచ్చారాయన. సబ్బు పెట్టె, మందు సీసా, పక్కింటివాళ్ల కొరియర్ మీద అడ్రసు, ఏదైనా సరే బిగ్గరగా చదువుతారు. అర్థంతో ఆయనకు నిమిత్తం లేదు. ఇక ఆఫీసులో అన్ని షిఫ్టులకూ కలిపి ఒకే సొరుగు. అందులో పొద్దున పెట్టింది సాయంత్రానికి ప్రజల ఆస్తి.

అందుకని లైనక్క భోజనాల వేళ ఆఫీసు కంప్యూటర్ ముందు కూర్చుని, గుప్తంగా నోట్సు రాసుకునే యాప్‌లేమున్నాయో వెతికింది. దేశంలో ఇన్ని రహస్యాలున్నాయా అని ఆశ్చర్యపోవాల్సినన్ని కనపడ్డాయి. "తాళంకప్ప" ఉచితం. మీ రహస్యమే మా ప్రాణమనీ, దాన్ని మా వందలాది భాగస్వామ్య సంస్థలతో తప్ప ఇంకెవరితోనూ పంచుకోమనీ మాట ఇచ్చింది. "చీకటిగది"కి మంచి పేరుంది. ఒకాయన మాత్రం ఒక్క స్టారే ఇచ్చి, "చాలా భద్రం. నేను కూడా తెరవలేకపోతున్నాను" అని రాశాడు. ఒకావిడ అయిదు స్టార్లూ ఇచ్చి, "మా ఆయన వాడుతున్నారు. అన్నీ చదువుతున్నాను. బాగుంది" అని రాసింది. మూడోది "మౌని". దాని గురించి ఎవరూ ఏమీ రాయలేదు. ఏది మంచిదో పోల్చి చెప్పే వ్యాసాలూ ఉన్నాయి గానీ, ఏ వ్యాసం చూసినా అందులో మొదటి స్థానం వచ్చిన కంపెనీయే దాన్ని రాయించింది. ఎలుకకు పిల్లి సాక్ష్యం.

ఆవిడ ఇంకా ఆలోచనలో ఉండగానే వెనక దగ్గు వినపడింది. గోప్యతా సమన్వయాధికారి నిలబడి ఉన్నారు. ఆఫీసులో అలాంటి పదవి ఒకటి ఉందని ఆరోజు దాకా ఎవరికీ తెలియదు (గోప్యత అంటే అదేనని ఆయన వాదన).

"మీకు రహస్యం ఉన్నట్టు మా దృష్టికి వచ్చిందమ్మా," అన్నారాయన, హాలు హాలంతా వినపడేలా.

"అలాంటిదేం లేదు సార్. ఊరికే చూస్తున్నాను."

"ఊరికే చూసేవాళ్లు మూడు యాప్‌లు పోల్చి చూడరమ్మా. కంగారు పడకండి. రహస్యం ఉండటం తప్పు కాదు. మా ఆమోదం లేకుండా ఉండటం తప్పు."

ఉద్యోగుల వ్యక్తిగత రహస్యాల నియమావళి ప్రకారం, ఆఫీసు కంప్యూటర్లో వెతికిన ప్రతి రహస్యమూ ఆఫీసు పరిధిలోకి వస్తుంది. ఆ రహస్యానికి ఏ యాప్ తగినదో అందుకోసం వేసిన సంఘమే నిర్ణయిస్తుంది. నిర్ణయం వెలువడేదాకా సదరు ఉద్యోగి ఆ విషయమై ఎక్కడా ఒక్క ముక్క రాయరాదు. రాస్తే అది అనధికార రహస్యం కింద జమ అవుతుంది.

సంఘంలో అధికారితోపాటు స్టోర్సు ఇన్‌చార్జి, లిఫ్టు పర్యవేక్షకుడు (ఆఫీసు రహస్యాలన్నీ లిఫ్టులోనే చెప్పుకుంటారన్న అనుభవం దృష్ట్యా), ఒక బయటి నిపుణుడు ఉన్నారు. నిపుణుడు చివరిదాకా బయటే ఉన్నారు. సంఘం కూర్చోవడానికి గది దొరకలేదు. గది దొరికిన వారం స్టోర్సు ఇన్‌చార్జి సెలవులో ఉన్నారు. ఈలోగా లైనక్క చెవిలోంచి రోజుకిన్ని మాటలు జారిపోతూనే ఉన్నాయి. ఆవిడ వాటిని కడుపులో దాచుకుంది.

ఎట్టకేలకు పిలిచారు.

"ఏ తరగతి రహస్యం?" అని అధికారి అడిగారు. "కుటుంబమా, ఉద్యోగమా, ఆరోగ్యమా?"

"ఆరోగ్యం సార్."

"ఏ అవయవం?"

"అది చెప్పేస్తే ఇంకా రహస్యం ఎలా అవుతుంది సార్?"

"చెప్పకపోతే అది రహస్యమని మాకెలా తెలుస్తుందమ్మా?"

స్టోర్సు ఇన్‌చార్జి మధ్యవర్తిత్వం వహించాడు. "పోనీ లైనక్కా, మెడకు పైనా, కిందా? అది చెప్పు చాలు."

"పైన."

"ఒంటిదా, జతా?"

"జత."

"కళ్లా?"

"కాదు."

"ఇంకేముంది సార్, మిగిలింది ఒకటే జత," అన్నాడు లిఫ్టు పర్యవేక్షకుడు.

"ఆగవయ్యా. మనం ఊహించకూడదు," అని అధికారి కోప్పడ్డారు. "నియమం నియమమే. కుడా, ఎడమా అమ్మా?"

మినిట్స్‌లో "అవయవం: గోప్యం (జతలో ఎడమది)" అని రాయించారు. ఆ తరవాత మూడు యాప్‌లనూ పరీక్షించి, మౌనిని ఏకగ్రీవంగా ఎంపిక చేశారు. సభ్యుల్లో ఎవరూ దాన్ని తెరవలేకపోయారు కాబట్టి దాని భద్రతపై సంఘానికి ఎలాంటి సందేహమూ మిగల్లేదు. లైనక్క డాక్టరు దగ్గరికి వెళ్లడానికి అప్పటికి వారం కూడా లేదు.

మౌని మొదట ఒక కోడ్ పంపుతానంది. పంపింది. ఆ ఇంట్లో ఫోన్లన్నీ భర్త పేరు మీదే ఉన్నాయి. ఏ కోడ్ అయినా వచ్చేది ఆయన ఫోన్‌కే. ఆయన అన్నం తింటూ ఆ మెసేజీని అలవాటు కొద్దీ పైకి చదివారు. "'మీ రహస్య నోట్సు తెరిచేందుకు కోడ్ ఇది. దయచేసి దీన్ని ఎవరికీ చెప్పవద్దు.'" అంకెలు కూడా చదివారు. చదివాక అర్థం అందింది. "ఎవరిదిది?"

"నాదేనండీ."

"నాకు తెలియని రహస్యం ఏముంది నీకు?"

"మీకు తెలిస్తే అది రహస్యం ఎందుకవుతుందండీ?"

కూతురు కంచంలోంచి తలెత్తింది. కాలేజీ మొదలయ్యాక ఆ పిల్ల తల్లి ముఖం అంత శ్రద్ధగా చూడటం అదే మొదలు. మౌని ఇంకో సంగతి కూడా అడిగింది. పాస్‌వర్డ్ మరిచిపోతే ఆదుకోవడానికి ఒక నమ్మకస్థుణ్ణి పెట్టుకోవాలట. అది కూడా ఆ మెసేజీలోనే ఉంది.

"నన్ను పెట్టమ్మా. నాన్నకు చెబితే మైకులో చెప్పినట్టే," అంది కూతురు.

"కట్టుకున్నవాణ్ణి పక్కన పెట్టుకుని ఇంకొకరిని పెడతావా?" అన్నారు భర్త. న్యాయం కోసం ఆయన తన చెల్లెలికి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టారు.

"వదినా, నన్ను పెట్టు. మా అన్నయ్య నోట్లో నువ్వుగింజ నానదు," అంది ఆడపడుచు. "కానీ దేన్ని దాస్తున్నానో తెలియకుండా ఎలా దాచను చెప్పు? ముందు అదేంటో నా చెవిన వెయ్యి."

చెవి అన్న మాటకు లైనక్క ఉలిక్కిపడింది. ముగ్గురి వాదనా కలగలిసిపోయింది. సగం మాటలు అందలేదు. "అత్తయ్యను పెడతాను," అంది.

"అమ్మనా? అమ్మకు వినపడదు కదా."

"అందుకే."

కిటికీ దగ్గర అత్తగారు అందరి ముఖాలూ చూసి, "ఏమంటున్నార్రా?" అని అడిగింది.

"ఏం లేదులే అమ్మా," అన్నారు ఆయన.

మర్నాడు మధ్యాహ్నం ఇంట్లో అత్తగారు తప్ప ఎవరూ లేని వేళ చూసుకుని లైనక్క సెలవు పెట్టింది. అత్తగారి పాత ఫోన్ మోగింది. మూడు మాటల రహస్య తాళం రాతపూర్వకంగా ఇవ్వడం భద్రతకు భంగం కాబట్టి, మౌని దాన్ని ఒకేఒక్కసారి చదివి వినిపిస్తుందట. నమ్మకస్థురాలు ప్రతి మాటనూ స్వయంగా, స్పష్టంగా తిరిగి పలకాలట. లైనక్క ఫోన్‌ను కుడి చెవికి ఆనించుకుని విని, అత్తగారికి చెప్పింది.

"మేఘం, అత్తయ్యా."

"ఆఁ?"

"మేఘం!"

"మేఘం," అని అత్తగారు ఫోన్లోకి అరిచింది. చెవుడున్నవాళ్లకు తమ గొంతు ఎంత ఎత్తుకు వెళుతోందో తెలియదు. మేఘం అయ్యాక నిచ్చెన, నిచ్చెన అయ్యాక గొడుగు. మేడమెట్ల మీద ఎవరో నడుస్తూ నడుస్తూ ఆగిన చప్పుడైంది. గొడుగు తరవాత మౌని చివరి ప్రశ్న వేసింది. ఈ నోట్సు దేని గురించో నమ్మకస్థురాలు ఒక్క మాటలో చెప్పాలి. చెప్పలేకపోతే మొదటినుంచీ మళ్లీ మొదలుపెట్టాలి.

లైనక్క కళ్లు మూసుకుంది. "చెవి, అత్తయ్యా."

"నా చెవి సంగతి దానికెందుకు?"

"మీది కాదు. నాది."

"ఎవరిది?"

"నాది అత్తయ్యా. నా ఎడమ చెవి. వినపడటం లేదు."

"చెవి," అంది అత్తగారు ఫోన్లోకి. ఆ ఒక్కసారి మాత్రం మెల్లిగా అంది. మౌని సంతృప్తి చెంది, భద్రతా కారణాల రీత్యా రెండ్రోజుల తరవాత తెరుచుకుంటానని చెప్పి పెట్టేసింది.

అత్తగారు కోడలి చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. "ఎప్పట్నుంచీ?"

లైనక్క వేళ్లతో చూపించింది.

"అందరూ నవ్వినప్పుడు నువ్వూ నవ్వు," అంది అత్తగారు. "కాస్త వెనకాముందైనా పరవాలేదు. దేనికని మాత్రం అడక్కు."

"అడిగితే?"

"అడిగితే ఏమంటారో నీకు తెలుసుగా అమ్మాయ్."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. నిష్ఠూరం ఉంటే లైనక్కకు కాస్త తేలిగ్గా ఉండేది. ఆవిడ చాలాసేపు ఆ చెయ్యి వదల్లేదు. తలెత్తి చూస్తే, ఎప్పుడొచ్చారో గానీ, గుమ్మంలో భర్త, కూతురు, పై అంతస్తు ఆవిడ నిలబడి ఉన్నారు. ముగ్గురూ ఒకేసారి, తమకేమీ తెలియదన్నారు.

ఆరోజు నుంచీ లైనక్క రహస్యాన్ని అందరూ చాలా గట్టిగా దాచారు. భర్త "మంచినీళ్లు కావాలా" అని అడిగితే వీధి చివర కుక్క లేచి నిలబడేది. కూతురు చేతులతో సైగలు చేసేది. ఆఫీసులో నోటీసుబోర్డు మీద సంఘం నిర్ణయం అంటించారు. "గోప్యత దృష్ట్యా ఉద్యోగిని పేరు వెల్లడించడం లేదు. మూడో కుర్చీ, ఎడమ చెవి. సిబ్బంది ఈ విషయం తెలియనట్టు ప్రవర్తించవలెను." సిబ్బంది నియమం తప్పలేదు. లైనక్క రాగానే మాట్లాడుకోవడం మానేసి, తెలియనట్టు ప్రవర్తించేవారు.

"మీ రహస్యాన్ని ఒంటరిగా మోయాల్సిన పని లేదమ్మా. ఆఫీసు మొత్తం మోస్తోంది," అన్నారు గోప్యతా సమన్వయాధికారి. ఆవిడ క్షేమం దృష్ట్యా రాతపూర్వక ఫిర్యాదుల విభాగానికి మార్చారు. అక్కడ ఎవరూ ఎవరికీ జవాబివ్వరు కాబట్టి వినపడాల్సిన అవసరం రాదు. మూడో కుర్చీలో ఆవిడ గొంతును రికార్డు చేసి పెట్టారు. "లైన్లో ఉండండి" అని ఇప్పుడు అదే చెబుతోంది. జనానికి తేడా తెలియలేదు.

డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిన రోజు పొద్దున మౌని తెరుచుకుంది. లోపల తెల్లగా, శుభ్రంగా, ఖాళీగా ఉంది.

ఆసుపత్రి గోడ మీద బోర్డును భర్త పైకి చదివారు. "'వినికిడి సమస్య గల రోగులకు ఇవ్వవలసిన సూచనలు వారి వెంట వచ్చినవారికి చెప్పబడును.'"

"రాసుకొచ్చారా?" అని అడిగారు డాక్టరు.

"ఎక్కడ రాయాలో తేలేసరికి ఈరోజైంది డాక్టరుగారూ. నోటితో చెబుతాను. పోయిన వారం బస్సులో..."

"నోటి లెక్కలు నాకు పనికిరావమ్మా. ఏ పాత కాగితం మీదైనా రాసుకోవాల్సింది."

ఆయన మళ్లీ చెవి పరీక్ష చేశారు. చేశాక కుర్చీ తిప్పుకుని, మాస్కులోంచే, భర్తతో మాట్లాడారు. చాలాసేపు మాట్లాడారు. భర్త ఒకసారి తలూపారు. ఒకసారి నేల చూశారు. ఒకసారి భార్యను చూసి, వెంటనే చూపు తిప్పుకున్నారు.

"ఏమంటున్నారు డాక్టరుగారూ?"

"మీవారికి చెప్పానమ్మా. ఆయన చెబుతారు."

తిరుగుదారిలో ఆవిడ డ్రైవింగ్ స్కూలు కారులో, నేర్పే గురువుగారి సీట్లో కూర్చుంది. ఆ సీటు ముందు కూడా ఒక బ్రేకు ఉంటుంది. దారి పొడవునా బోర్డులు వస్తూనే ఉన్నాయి, పోతూనే ఉన్నాయి. ఆయన ఒక్కటీ పైకి చదవలేదు. ఆయన డ్రైవింగ్ స్కూలు పెట్టినప్పటి నుంచి లైనక్క అలాంటి నిశ్శబ్దం ఎరగదు.

"డాక్టరు ఏమన్నారండీ?"

మంచి చెవి ఆయన వైపే ఉంది. జవాబు స్పష్టంగా వినపడింది.

"ఏం లేదులే."

ఆవిడ బ్రేకు తొక్కింది. నడిరోడ్డు మీద కారు కుదుపుతో ఆగింది. వెనక హారన్లన్నీ ఒక్కసారి మొదలయ్యాయి. "ఏమైంది?" అని అరిచారు ఆయన.

"ఏం లేదులెండి," అంది లైనక్క.

కారు మళ్లీ కదిలాక ఫోన్ తీసింది. మౌనిని తెరిచింది. డాక్టరు చెప్పిన వరసలోనే తన మొదటి నోట్సు రాసింది. వినపడనిది: నా చెవి సంగతి. ఎక్కడ: ఆసుపత్రిలో, కారులో. ఎందుకు: ఎవరూ చెప్పలేదు.

మౌని ఆ మూడు వరసలనూ అత్యున్నత స్థాయిలో గుప్తీకరించి, తాళం వేసి, తెర మీద ఆకుపచ్చ అక్షరాలతో భరోసా ఇచ్చింది: "ధన్యవాదాలు. ఈ విషయం మీకు తప్ప ఇంకెవరికీ తెలియదు."